తీరం దాటితే కనిపించే పక్షులెన్ని? సూరత్ నుంచి ఓడలో ఒక రోజు లెక్క

సూరత్: చలికాలపు ఉదయం సూరత్ నగరంలో తపతి నది ఒడ్డున నిలబడితే తెల్లని పక్షులు గుంపులు గుంపులుగా తలల మీదుగా తిరుగుతూ కనిపిస్తాయి. నగరవాసులు పొట్లాల్లో తెచ్చిన గాఠియాలను గాలిలోకి విసిరితే, అవి నీటిని తాకకముందే ఈ పక్షులు ముక్కున కరచుకుని పోతాయి. వేయించిన ఉప్పు తిండి పక్షులకు మేలు చేయదన్నది వేరే సంగతి. నేత పని కోసం తెలంగాణ నుంచి వచ్చి, తరాలుగా లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా ఇది పరిచితమైన దృశ్యమే. ఈ పక్షులు సీగల్స్. తెలుగులో సముద్రపు కాకులు.

పేరులో సముద్రం ఉన్నప్పటికీ, ఇవి తీరాన్ని విడిచి ఎక్కువ దూరం పోయేవి కావు. రేవుల్లో, నదీముఖాల్లో, చేపల మార్కెట్ల వద్ద బతుకు వెళ్లదీసుకునే పక్షులివి. గుడ్లు పెట్టడానికి తప్ప నేల ముఖం చూడని పక్షులు వేరే ఉన్నాయి. అవి అరేబియా సముద్రంలోనూ ఉన్నాయి. వాటిని చూడాలంటే పడవ ఎక్కక తప్పదు. కేరళ, కర్ణాటక, గోవా తీరాల నుంచి ఔత్సాహికులు, పరిశోధకులు కొన్నేళ్లుగా ఇలా సముద్రంలోకి వెళ్లి పక్షులను లెక్కిస్తున్నారు. దేశంలోకెల్లా పొడవైన సముద్రతీరం గల గుజరాత్‌లో, అందునా ఖంభాత్ సింధుశాఖలో, ఈ పని చేయడం అంత తేలిక కాదు. అందుకు కారణాలు పక్షుల్లో లేవు, సముద్రంలోనే ఉన్నాయి.

అయినా ఇప్పుడు ఈ లెక్క అవసరమైంది. సింధుశాఖ ముఖద్వారం వద్ద సముద్రంలో గాలిమరలు నిలబెట్టేందుకు దేశం సిద్ధమవుతోంది. అవి నిలిచిన తరువాత పక్షులు తగ్గాయా, పెరిగాయా అని ఎవరైనా అడిగితే, అంతకుముందు ఎన్ని ఉండేవో చెప్పగల పుస్తకం ఒకటి ఉండాలి కదా.

నాలుగు గంటల ఓడ

2020 నవంబరు 8న ప్రధాని నరేంద్ర మోదీ హజీరా, ఘోఘా రేవుల మధ్య రో-పాక్స్ సర్వీసును ప్రారంభించారు. లారీలు, కార్లతో పాటు ప్రయాణికులను కూడా ఎక్కించుకునే ఓడను రో-పాక్స్ అంటారు. సూరత్ శివారులోని హజీరా సింధుశాఖకు తూర్పు గట్టున, భావ్‌నగర్ సమీపంలోని ఘోఘా పడమటి గట్టున ఉన్నాయి. రోడ్డు మార్గంలో సింధుశాఖను చుట్టి వెళ్లాలంటే 370 కిలోమీటర్లు. నీటి మీద 90 కిలోమీటర్లు. పది పన్నెండు గంటల ప్రయాణం సుమారు నాలుగు గంటలకు తగ్గింది. తొలుత నడిచిన మూడంతస్తుల ‘వాయేజ్ సింఫనీ’ ఓడలో 30 లారీలు, 100 కార్లు, 500 మంది ప్రయాణికులు, 34 మంది సిబ్బంది పడతారని అప్పట్లో ప్రభుత్వం ప్రకటించింది.

పక్షుల కోసం ప్రత్యేకంగా పడవ మాట్లాడుకోవడానికి డబ్బు, అనుమతులు, సముద్రం తెలిసిన తండేలు కావాలి. టికెట్టు కొని ఎక్కే ఓడకు ఇవేమీ అక్కర్లేదు. పైగా అది ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. లెక్కలు వేసేవారికి ఇంతకంటె మేలైన సౌకర్యం లేదు. జనవరిలో చూసిన దారినే మార్చిలోనూ చూడవచ్చు, ఈ ఏటి అంకెను వచ్చే ఏటి అంకెతో పోల్చవచ్చు. లోపాలూ ఉన్నాయి. మంచి పక్షి కనిపించిందని ఓడ ఆగదు, వెనుదిరగదు. డెక్ ఎత్తుగా ఉండడం వల్ల దూరం బాగా కనిపిస్తుంది గాని, అలల మధ్య పిడికెడంత పక్షి దృష్టికి ఆనదు.

ఓడలో ఎటు నిలబడాలన్నది చిన్న విషయంగా తోస్తుంది. కాని రోజంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. హజీరా నుంచి ఘోఘా ఉత్తర వాయవ్య దిశలో ఉంది. ఉదయం వెళ్లేటప్పుడు సూర్యుడు కుడివైపున ఉంటాడు. కనుక ఎడమ పక్కన నిలబడితే వెలుతురు వీపు మీద పడి, ఎదుట ఉన్న పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం తరువాత తిరుగు ప్రయాణంలో ఓడ దక్షిణం వైపు మళ్లుతుంది, సూర్యుడు పడమటికి వాలుతాడు. అప్పుడూ ఎడమ పక్కే. సూర్యునికి ఎదురుగా నిలబడిన వారికి నాలుగు గంటలూ నల్లని నీడలే మిగులుతాయి.

పదకొండు మీటర్ల పోటు

ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. దక్షిణాన వెడల్పుగా తెరుచుకుని, ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. సముద్రం నుంచి వచ్చిన పోటు నీరు ఈ ఇరుకులో పడి పైకి లేస్తుంది. ఆటుకూ పోటుకూ మధ్య తేడా ఇక్కడ గరిష్ఠంగా 11 మీటర్ల వరకు ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. సగటున చూసినా 6.77 మీటర్లు. సముద్రపు ఆటుపోట్ల నుంచి విద్యుత్తు తీసే ఆలోచన వచ్చినప్పుడల్లా ఈ సింధుశాఖ పేరు మొదటి వరుసలో నిలవడానికి కారణం ఇదే. విశాఖపట్నంలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్లకు అటూ ఇటుగా ఉంటుందని గుర్తు చేసుకుంటే పాఠకులకు పోలిక అందుతుంది.

ఈ నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగుతుంది. సబర్మతి, మహి, నర్మద, తపతి నదులు మోసుకొచ్చే ఒండ్రును అడుగు నుంచి కలచివేస్తూ ఉంటుంది. అందుకే ఇక్కడి సముద్రం నీలం కాదు, చాయ్ రంగు. 2017 అక్టోబరులో ఘోఘా, దహేజ్ రేవుల మధ్య ప్రారంభమైన ఓడ సర్వీసు కొద్దికాలానికే దహేజ్ వద్ద పూడిక పేరుకుని నిలిచిపోయిందంటే బురద శక్తి అర్థమవుతుంది. నాలుగు శతాబ్దాల కిందట సూరత్‌కు వచ్చిన ఐరోపా ఓడలు కూడా ఇసుక మేటలకు జంకి తపతిలోకి రాక, హజీరాకు చేరువలోని సువాలీ వద్దే లంగరు వేసేవి. 1612లో ఇంగ్లీషువారికీ పోర్చుగీసువారికీ అక్కడే నౌకాయుద్ధం జరిగింది.

పక్షులకు ఈ బురదతో నేరుగా సంబంధం ఉంది. గాలిలో నిలిచి, చేపను గురి చూసి, బాణంలా నీటిలో మునిగే పక్షికి నీరు తేటగా ఉండాలి. చాయ్ రంగు నీటిలో అది గుడ్డిదే. కనుక సింధుశాఖ లోపలి భాగంలో నీటి పైపొర నుంచి తిండి ఏరుకునే పక్షులదే రాజ్యం. దక్షిణానికి పోయి, బురద నీరు విరిగి తేట నీరు తగిలే చోట మునిగి వేటాడేవి ఎక్కువవుతాయి. ఆ రెండు నీళ్లు కలిసే గీత మీద నురగ, చెత్త, చిన్న చేపలు పోగవుతాయి. అనుభవం గలవారు మొదట ఆకాశాన్ని కాక, నీటి రంగు మారే గీతను వెతుకుతారు.

ఆటు సమయంలో బయలుదేరితే మరో దృశ్యం కనిపిస్తుంది. నీరు తీసిన బురద మైదానాల మీద గుజరాత్ రాష్ట్ర పక్షి ఫ్లెమింగో బారులు, పొడవాటి వంపు ముక్కుల ఉల్లంకి పిట్టలు దూరాన చుక్కల్లా కనబడతాయి. పులికాట్ చూసినవారికి ఇది కొత్త కాదు. ఓడ రేవు దాటేలోగా వాటిని లెక్కించి ముగించాలి. ఆ తరువాత బురద వెనుకబడిపోతుంది.

ముక్కే గుర్తు

మొదటి గంటలో కనిపించేవన్నీ తెల్లగా, బూడిద రంగుగా ఒకేలా ఉంటాయి. కొత్తవారు ఇక్కడే విసుగు చెందుతారు. వాటిని విడదీసి చూడడంలోనే ఈ రోజు ఆనందమంతా ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సీగల్స్‌లో చలికాలంలో ఎక్కువగా కనిపించేవి రెండు. గోధుమ తల గలది లదాఖ్, టిబెట్ పీఠభూమి సరస్సుల దగ్గర పిల్లలను పెంచుకుని ఇక్కడికి దిగుతుంది. నల్ల తల గలది ఇంకా ఉత్తరాన, ఐరోపా, ఆసియా దేశాల నుంచి వస్తుంది. చలికాలంలో రెండింటికీ తల రంగు పోయి, చెవి దగ్గర మచ్చ మాత్రమే మిగులుతుంది. అప్పుడు కన్ను, రెక్క చూడాలి. గోధుమ తల దానికి పెద్దయ్యాక కన్ను లేత రంగుకు తిరుగుతుంది, నల్లని రెక్క కొన మీద తెల్లని అద్దకం ఉంటుంది. నల్ల తల దానికి కన్ను ముదురు రంగు, రెక్క ముందంచు మొత్తం తెల్లని చారగా మెరుస్తుంది. వీటి మధ్య అప్పుడప్పుడు గద్దంత భారీగా, నెమ్మదిగా రెక్కలాడించే పల్లాస్ గల్ వస్తుంది. ఫిబ్రవరి నాటికే దాని తల నల్లబడడం మొదలవుతుంది. ఉత్తరానికి పయనమయ్యే కాలం దగ్గరపడిందని అర్థం.

రెండో జాతి టెర్న్‌లు. తెలుగులో వీటికి చక్కని పేరుంది, రామదాసు. నదుల మీద తిరిగే టెర్న్‌కు మనవాళ్లు పెట్టుకున్న పేరది. సన్నని రెక్కలు, చీలిన తోక, తల మీద నల్లని టోపీ గల ఈ పక్షులను సముద్రం మీద గుర్తించడానికి ముక్కును మించిన ఆధారం లేదు. ముక్కు ఎర్రగా, బాకులా లావుగా ఉండి పక్షి సీగల్ అంత ఉంటే అది కాస్పియన్ టెర్న్. ముక్కు నారింజ రంగైతే లెసర్ క్రెస్టెడ్, లేత పసుపైతే గ్రేటర్ క్రెస్టెడ్. నల్లగా ఉండి కొన మాత్రం పసుపు పూసినట్లుంటే శాండ్‌విచ్ టెర్న్. నల్లగా, పొట్టిగా, మొద్దుగా ఉంటే గల్-బిల్డ్. ఈ ఐదింటినీ మనసులో పెట్టుకుంటే సగం రోజు గడిచిపోతుంది.

ఈ టెర్న్‌ల గుంపు హఠాత్తుగా చెదిరి, అరుపులు మొదలైతే బైనాక్యులర్స్ ఎత్తాలి. స్కువా వచ్చిందేమో చూడాలి. ఆర్కిటిక్ ప్రాంతంలో గూడు కట్టే ఈ ముదురు రంగు పక్షి సొంతంగా వేటాడడం కంటె దోచుకోవడానికే మొగ్గు చూపుతుంది. చేప పట్టిన రామదాసును ఒక్కదాన్ని ఎంచుకుని, అది తిన్నది కక్కేవరకు తరుముతుంది. కక్కినదాన్ని గాలిలోనే అందుకుంటుంది.

దూరాన నీటి మీద వరిపొట్టు చల్లినట్లు చిన్న పక్షులు తేలుతూ కనిపిస్తే అవి ఎర్రమెడ ఫాలరోప్‌లు కావచ్చు. ఉల్లంకి కుటుంబానికి చెందినవే అయినా చలికాలమంతా అరేబియా సముద్రం మీదే గడుపుతాయి. నీటిలో గిరగిరా తిరిగి సుడి పుట్టించి, పైకి తేలిన సూక్ష్మజీవులను ముక్కుతో ఏరుకుంటాయి. వీటిలో రంగులు ఆడపక్షివి, గుడ్లు పొదిగే బాధ్యత మగపక్షిది.

పేరు లేని పక్షులు

రామదాసు, సముద్రపు కాకి, ఉల్లంకి. ఇక్కడి వరకు తెలుగు తోడు వచ్చింది. దీని తరువాత భాష ఒడ్డునే ఆగిపోతుంది. పెట్రెల్, షియర్‌వాటర్ వంటి నడిసముద్రపు పక్షులకు మన నిఘంటువుల్లో నిలదొక్కుకున్న పేర్లు లేవు. ఆంధ్ర తీరాన ఇన్ని మత్స్యకార గ్రామాలు ఉండగా ఎవరూ వీటిని చూడలేదనడం పొరపాటు. వేటకు పోయినవారు పిలిచే పేర్లు ఉండే ఉంటాయి, అవి పుస్తకాలకు ఎక్కలేదు. ఆంగ్లంలోనూ ఈ పేర్లు నావికులవే. నీటి మీద కాళ్లు తాటిస్తూ ఎగిరే పక్షిని చూసి, నీటిపై నడిచిన సెయింట్ పీటర్ పేరుతో పెట్రెల్ అన్నారని ప్రతీతి. రెక్క కొనతో అలను కత్తిరిస్తున్నట్లు పోతుంది కనుక షియర్‌వాటర్.

అంటార్కిటికా, దాని చుట్టుపక్కల దీవుల్లో గూడు కట్టే విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ బరువు సుమారు 40 గ్రాములే. పిచ్చుక కంటె కాస్త పెద్దదైన ఈ పక్షి అక్కడ చలికాలం ముదిరేసరికి భూమధ్యరేఖ దాటి అరేబియా సముద్రానికి వస్తుంది. ఫ్లెష్-ఫుటెడ్ షియర్‌వాటర్ ఆస్ట్రేలియా తీరపు దీవుల నుంచి వస్తుంది. ఈ కుటుంబపు పక్షులకు ముక్కు మీద గొట్టాల్లాంటి నాసికలు ఉంటాయి. సముద్రపు సూక్ష్మజీవులు వృక్షప్లవకాలను మేసినప్పుడు వెలువడే డైమిథైల్ సల్ఫైడ్ వాసనను పట్టి, తిండి దొరికే చోటును కనిపెడతాయి. కంటి పైన ఉండే లవణ గ్రంథులు తాగిన ఉప్పునీటిలోని ఉప్పును వెలుపలికి పంపుతాయి. మంచినీటి చుక్క లేకుండా నెలల తరబడి సముద్రంపై బతకగలగడం వెనుక రహస్యం అదే.

హజీరా ఓడ నుంచి ఇవి కనిపిస్తాయా? కనిపించవని అనుకుని బయలుదేరడమే మంచిది. ఈ పక్షులకు లోతు కావాలి. సముద్రపు అడుగు ఒక్కసారిగా లోయలోకి దిగే ఖండతీరపు వాలు వద్ద చల్లని నీరు, పోషకాలు పైకి వస్తాయి. పక్షులు అక్కడ చేరతాయి. పశ్చిమ తీరంలో ఖండతీరపు అంచు ఖంభాత్, ముంబయిల ఎదుటే అన్నిటికంటె వెడల్పు, దాదాపు 300 కిలోమీటర్లు. దక్షిణాన కేరళకు పోయేసరికి బాగా ఇరుకవుతుంది. తెల్లవారుజామున బయలుదేరిన పడవ అక్కడ లోతు నీటి వైపు వెళ్లి చీకటి పడేలోగా తిరిగి రాగలదు. సూరత్ నుంచి అది ఒక రోజు పని కాదు. విశాఖపట్నం వద్ద ఈ అంచు యాభై కిలోమీటర్ల లోపే ముగుస్తుంది. ఆ విధంగా చూస్తే నడిసముద్రపు పక్షులకు సూరత్‌లోని తెలుగువారి కంటె విశాఖవాసులే చేరువలో ఉన్నారు.

రెండో చిక్కు కాలానిది. దక్షిణార్ధగోళం నుంచి పెట్రెల్‌లు వచ్చేది నైరుతి రుతుపవనాల రోజుల్లో. బలమైన పడమటి గాలులు వాటిని తీరం వైపు నెట్టేదీ అప్పుడే. సరిగ్గా అదే సమయంలో, జూన్ 1 నుంచి జూలై 31 వరకు 61 రోజుల పాటు పశ్చిమ తీరంలో యాంత్రిక పడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది గనుక ప్రయాణ నౌకలూ వెనుకాడతాయి. పక్షులు దగ్గరకు వచ్చే వేళకు చూసే కన్ను ఉండదు. తుపాను వెలిసిన తరువాత ఒడ్డున నీరసించి పడి ఉన్న పక్షిని ఎవరో గమనించి అటవీ శాఖకు అప్పగించినప్పుడే అది అటుగా వచ్చిందని తెలుస్తుంది.

భారత తీరపు సముద్ర పక్షుల చరిత్ర పొడవునా ఈ ఖాళీ కనిపిస్తుంది. తరువాతి కాలంలో కాంగ్రెస్ స్థాపకుడిగా పేరొందిన ఎ.ఓ. హ్యూమ్ 1875లో ఓడలో పశ్చిమ తీరం, లక్షద్వీప్ చుట్టివచ్చి, తాను నడిపిన ‘స్ట్రే ఫెదర్స్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. మహారాష్ట్ర దక్షిణపు కొసన ఉన్న వెంగుర్లా రాళ్ల దీవులకూ వెళ్లారు. బ్రైడిల్డ్ టెర్న్‌లు అక్కడ నేటికీ గుడ్లు పెడుతున్నాయి.

సున్నా కూడా లెక్కే

2024 జూన్ 19న కేంద్ర మంత్రివర్గం సముద్ర పవన విద్యుత్తుకు 7,453 కోట్ల రూపాయల ఆర్థిక సహాయ పథకాన్ని ఆమోదించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల సామర్థ్యం నెలకొల్పడం దీని ఉద్దేశం. గుజరాత్‌లో ఎంచుకున్న ప్రాంతం సింధుశాఖ ముఖద్వారంలో, పిపావావ్ రేవుకు ఎదుట ఉంది. అక్కడి గాలి వేగాన్ని లేజర్ కాంతితో కొలిచే లైడార్ పరికరాన్ని చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ 2017లోనే నెలకొల్పింది. గాలిని అన్నేళ్ల ముందు నుంచి కొలిచాం. పక్షులనూ అంత శ్రద్ధగా లెక్కించాలని కోరడం అభివృద్ధికి అడ్డు చెప్పడం కాదు.

గాలిమరల వల్ల పక్షులకు రెండు రకాల నష్టం ఉంటుందని ఐరోపా అనుభవం చెబుతోంది. మొదటిది రెక్కలకు తగిలి చనిపోవడం. ఇది పక్షి ఎగిరే ఎత్తును బట్టి ఉంటుంది. అలలను రాసుకుంటూ పోయే షియర్‌వాటర్ కంటె ఎత్తున తిరిగే పెద్ద సీగల్‌కు ప్రమాదం ఎక్కువ. రెండోది కంటికి కనిపించనిది. కొన్ని జాతులు మరలు ఉన్న చోటికి రావడమే మానేస్తాయి. జర్మనీకి చెందిన ఉత్తర సముద్ర భాగంలో ఎర్రగొంతు లూన్ పక్షులు ఇలాగే కిలోమీటర్ల దూరం జరిగిపోయాయి. చనిపోయిన పక్షి దేహం దొరకవచ్చు. రాకుండాపోయిన పక్షిని గుర్తించాలంటే, అది వచ్చేదని ముందు ఎవరో రాసి ఉండాలి.

రాసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఓడకు ఒక పక్కన 300 మీటర్ల పట్టీని ఊహించుకుని, అందులో తేలుతున్న పక్షులన్నింటినీ లెక్కిస్తారు. ఎగిరే పక్షులను మాత్రం నిర్ణీత వ్యవధిలో, ఫొటో తీసినట్లు, ఆ క్షణాన పట్టీలో ఉన్నంతవరకే తీసుకుంటారు. లేకుంటే ఓడను వెంబడించే ఒకే సీగల్ పదిసార్లు లెక్కకు ఎక్కుతుంది. 90 కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల పట్టీ అంటే 27 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని ఒక వైపు ప్రయాణంలో జల్లెడ పట్టినట్లు. ఈ-బర్డ్ వంటి వేదికలో నమోదు చేసేవారు సముద్రంపై ప్రతి గంటకూ కొత్త జాబితా మొదలుపెట్టాలి. నాలుగు గంటలకు ఒకే జాబితా ఇస్తే పక్షి బురదలో కనిపించిందో, తేట నీటిలో కనిపించిందో తెలియదు. ఏ పక్షీ కనిపించని గంటనూ రాయాలి. పదేళ్ల తరువాత చదివేవారికి ఆ సున్నా విలువ ఎక్కువ.

హజీరా ఓడ దారి గాలిమరల ప్రాంతానికి ఉత్తరాన ఉంటుంది, దాని మీదుగా పోదు. కనుక ఈ లెక్క అక్కడి లెక్కకు ప్రత్యామ్నాయం కాదు. సింధుశాఖలోకి ఏ నెలలో ఏవి వచ్చి పోతున్నాయో మాత్రం చెప్పగలదు. ముఖద్వారం వద్దకు రోజూ పోయేవారు జాఫరాబాద్, వెరావల్ మత్స్యకారులు. 2001లో తిమింగల సొరచేపకు చట్టరక్షణ లభించిన తరువాత, 2004లో మొరారీ బాపు పిలుపుతో సాగిన ప్రచారం ఫలితంగా, సౌరాష్ట్ర జాలరులు వలలో పడ్డ ఆ చేపలను వల కోసి విడిచిపెట్టారు. విడిచిన దృశ్యాన్ని తామే కెమెరాలో బంధించి ఆధారంగా చూపే పద్ధతికీ అలవాటుపడ్డారు. పక్షి కనిపించినప్పుడు ఫోన్‌లో ఒక చిత్రం, చోటు, తేదీ నమోదు చేయడం వారికి కొత్త విద్య కాబోదు.

వెళ్లాలనుకునేవారికి నవంబరు నుంచి మార్చి వరకు అనుకూలం. సర్వీసు వేళలు వాతావరణాన్ని, రేవు పరిస్థితిని బట్టి మారుతుంటాయి గనుక ముందురోజే కనుక్కోవాలి. పోటు ఎప్పుడో ఆటుపోట్ల పట్టికలో చూసుకుంటే బురద పక్షులు కావాలా, నీటి పక్షులు కావాలా అన్నది నిర్ణయించుకోవచ్చు. కదిలే డెక్ మీద పదింతలు పెద్దది చేసే బైనాక్యులర్స్ కంటె ఎనిమిదింతలదే మేలు, చేయి వణుకు తక్కువగా తెలుస్తుంది. స్టాండు మీద పెట్టే టెలిస్కోపు పనికిరాదు. హజీరాలో రేవు, పరిశ్రమలు ఉన్నందున ఫొటోల విషయంలో సిబ్బంది సూచనలు పాటించాలి. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు తేలికగా తిని, వైద్యుని సలహాతో మాత్ర వేసుకుని, క్షితిజరేఖ మీద చూపు నిలపాలి. పక్షి కోసం చూసేవారు ఎలాగూ అక్కడికే చూస్తుంటారు.